ఆవగింజంత నత్తలు, ఒక తాళంచెవి

మా హెడ్ సార్ కాఫీ తెమ్మని చెప్పడానికి కూడా తలుపు మూసే మనిషి. అందుకే ఆ రోజు నన్ను పిలిచి తలుపు మూసినప్పుడు నేను కాఫీయే అనుకున్నాను. ఆయన లేచి కిటికీ కూడా మూశారు. అప్పుడు అనుమానం వచ్చింది, రెండు కాఫీలేమో అని.

"మన మ్యూజియంలో దొంగతనం జరగతా ఉండాది," అన్నారు.

ఏం పోయాయని అడిగాను. నత్తలు అన్నారు. ముఖం మీద ఏ కండరమూ కదలకుండా చూసుకున్నాను. ఉద్యోగంలో చేరి అప్పటికి నెల కూడా కాలేదు.

తిరుపతికి జనం చూడడానికి వచ్చేది వేరే చోటును కాబట్టి మా కాలేజీ జంతుశాస్త్రం మ్యూజియం ముందు ఎప్పుడూ క్యూ ఉండదు. పొడవాటి గది, ఫార్మలిన్ వాసన, సీసాల్లో పాములు, గోడకు ఒక తాబేటి చిప్ప. ఆ చివర ఒక చెక్క బీరువా. దాని సొరుగుల నిండా సముద్రపు నత్తల గుల్లలు. నేను పుట్టకముందెప్పుడో ఇక్కడ పనిచేసిన ఒక ప్రొఫెసరు సెలవులొస్తే సూళ్లూరుపేట రైలెక్కి, అక్కణ్నుంచి బస్సులూ పడవలూ పట్టి, ఇసుకను జల్లెడ పట్టి ఏరుకొచ్చినవి. పెద్దవి పెసరగింజంత. చిన్నవి ఆవగింజంత. ఒక్కో రకం ఒక్కో గాజు గొట్టంలో, పైన దూది, లోపల చీటీ. చీటీ మీద చీమ కాలికి సిరా అంటి నడిచినట్టు రాత.

ఆ చీటీలు చదివి, పాత రిజిస్టరుతో సరిచూసి, గొట్టంలో ఉన్నదాన్ని భూతద్దంలో చూసి, కంప్యూటరులో ఎక్కించడం నా పని. ఎక్కడ దొరికింది, ఎవరు ఏరారు, ఎన్ని, ఇప్పుడు ఎలా ఉన్నాయి. సత్యవేడు దగ్గర మా ఊరికి ఫోన్ చేసి నాయనకు ఈ ఉద్యోగం వివరించాను. "మన మడిలో నత్తలు ఏరి పారేసేదానికి మేం కూలి ఇస్తా ఉండాము. నువ్వు వాటిని సూసేదానికి జీతం తీసుకుంటా ఉండావు. ఎవురో ఒకరు మోసపోతా ఉండారు అబ్బా," అన్నాడు. ఎమ్మెస్సీ చదివించిన మనిషి కాబట్టి ఆ ఎవరో ఎవరన్నది నేను అడగలేదు.

సార్ చెప్పినదాంట్లో ఆధారం మాత్రం నాదే. "ఇప్పుడు ఎలా ఉన్నాయి" అన్న గడిలో నేను కొన్నింటికి "గుల్లలు లేవు, తెల్లటి పొడి ఉంది" అని నింపాను. కొన్నింటికి "రిజిస్టరులో ఉన్నంత లేవు, మిగిలినవి పలచబడ్డాయి" అని రాశాను. నా వరకు అది స్థితి. సార్ వరకు అది ఎఫ్ఐఆర్. ఎవరో గుల్లలు తీసుకుని, బదులుగా గొట్టాల్లో ఇంత సుద్దపొడి పోసి పెట్టారని ఆయన నమ్మకం.

మ్యూజియం తాళంచెవి ఉండేది ఒకే ఒక మనిషి దగ్గర. మేమందరం అక్కా అనేవాళ్లం. యాభై దాటిన మనిషి. భర్త ఊరిలోనే ఒక చిన్న వైష్ణవాలయంలో అర్చకుడు. పేరుకు అటెండరు గానీ గది ఊడ్చడం, సీసాల్లో మందు తగ్గితే పోయడం, పిల్లలొస్తే తాబేటి చిప్ప చూపించి ఇది తాబేటి చిప్ప అని చెప్పడం, అన్నీ ఆవిడే. కాంట్రాక్టు ఉద్యోగం. విద్యా సంవత్సరం చివర హెడ్ సార్ సంతకం పడితేనే మళ్లీ ఆర్డరు. ఈసారి ఆ సంతకానికి ముందు తనకు సంగతి తేలాలన్నారు సార్. తేలితే ఆవిడ చేత మూటాముల్లె సర్దిస్తానన్నారు. పోలీసులదాకా వెళ్లకపోవడం తన మంచితనమట.

"నువ్వు పొద్దస్తమానం ఆడే కదప్పా కూసోనుంటావు. ఒక కన్నేసి పెట్టు."

ఆవగింజంత నత్తను ఎత్తుకెళ్లి ఎవరైనా ఏం చేసుకుంటారు సార్ అని అడిగాను. "అదే నువ్వు కనుక్కోవాల," అని కిటికీ తెరిచారు. కాఫీ రాలేదు.

కన్నేసి పెట్టడం అంటే ఏమిటో, చేసి చూసేదాకా నాకు తెలియదు. మామూలుగా చూస్తే ఏమీ లేని మనిషి, కన్నేసి చూస్తే అంతా ఏదో ఉన్నట్టే ఉంటుంది. అక్క వక్కాకు వేసుకునేది. అంటే బొడ్డున సున్నపు డబ్బీ ఉంటుంది. సున్నం అంటే తెల్లటి పొడి. గుల్లలను కాల్చి కూడా సున్నం చేస్తారని ఎనిమిదో తరగతి పిల్లవాడికీ తెలుసు. వక్కాకులోకి శాస్త్రీయ నామాలున్న నత్తలను నమిలే మనిషి ఉంటుందా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఉండకూడదనేమీ లేదు అని నేనే చెప్పుకున్నాను. అనుమానంలో ఉన్న సుఖం అది, ప్రశ్నా జవాబూ ఇంట్లోనే దొరుకుతాయి.

ఇంకో సంగతి. గుల్లలు పోయినవన్నీ బీరువా పై రెండు సొరుగుల్లోనివే. నమోదు ఇంకా కాకపోయినా, కింది సొరుగులు తెరిచి చూస్తే చక్కగా ఉన్నాయి. ఇది చెప్పగానే సార్ కుర్చీలో ముందుకు జరిగారు.

"ఆమెకు మోకాళ్ల నొప్పులు. వంగలేదు," అన్నారు, అంతా తేలిపోయినట్టు.

నాకు మోకాళ్లు బాగానే ఉన్నాయి, కాబట్టి దొంగను నేను కానని రుజువైంది. సార్‌కూ మోకాళ్ల నొప్పులున్నాయన్న సంగతి నేను ఎత్తలేదు. కానీ మనసులో ఒక గడి తెరిచి పెట్టుకున్నాను. మ్యూజియం గది ఖాళీ అయితే స్మార్ట్ క్లాస్‌రూమ్ చేస్తానని ఆయన అంతకుముందు రెండు మీటింగుల్లో అన్నారు మరి.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది సంచి. శుక్రవారం శుక్రవారం అక్క ఒక గుడ్డ సంచి తెచ్చేది. వచ్చేటప్పుడు బరువుగా ఉండేది. మధ్యాహ్నం సార్ భోజనానికి వెళ్లాక గది వెనక ఉన్న సింకు దగ్గరికి దాన్ని తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేది. లోపల నీళ్ల చప్పుడు, ఏదో రుద్దుతున్న చప్పుడు. సాయంత్రం అదే సంచి, అదే బరువు, ఇంటికి. ఏముందక్కా అని ఒకసారి అడిగాను. "ఇంటి పని అప్పా," అంది. ఇంటి పని ఇంట్లో చేసుకోకుండా కాలేజీకి ఎందుకు తెస్తారు? ఈ ప్రశ్నకు మాత్రం ఇంట్లో జవాబు దొరకలేదు.

ఆ ఆదివారం అలిపిరి దారిలో దుకాణాల వైపు వెళ్లాను. అక్కడ గుల్లలు అతికించిన ఫొటో ఫ్రేములు అమ్ముతారు. దేవుడి పటం చుట్టూ చిన్నచిన్న నత్తలు, జిగురుతో, బారులు తీరి. ఒక దుకాణంలో ఫ్రేమును చేతిలోకి తీసుకుని భూతద్దం పెట్టి చూడడం మొదలుపెట్టాను. దుకాణందారు ముఖం మారిపోయింది. నేను అటవీశాఖ నుంచి వచ్చాననుకున్నాడు. ఇవన్నీ చెన్నై నుంచి వస్తాయి సార్, బిల్లులుండాయి, సముద్రంలో సచ్చి ఒడ్డుకు వచ్చినవే ఏరతారు అని గడగడా చెప్పుకుపోయాడు. నేను అటవీశాఖ కాదంటే ఇంకా భయపడ్డాడు, అయితే ఇంకా పెద్ద శాఖ అన్నమాట. చివరకు అతని అనుమానం తీర్చడానికి ఒక ఫ్రేము కొనక తప్పలేదు. గదికి తెచ్చి తీరిగ్గా చూస్తే అందులో మా మ్యూజియం నత్త ఒక్కటీ లేదు. అన్నీ లావుపాటివి, చవకవి. అలా మొదటి విడత పరిశోధనలో తేలింది ఏమిటంటే, నా దగ్గర ఇప్పుడు ఒక ఫొటో ఫ్రేము ఉంది.

ఈలోగా పై రెండో సొరుగు నమోదు కూడా పూర్తయింది. సగానికి సగం గొట్టాల్లో పొడి. ఆ జాబితా చూసిన రోజు సార్ నేరుగా మ్యూజియంకు వచ్చారు. ఆయన మ్యూజియంకు రావడం నేను చూసింది అదే మొదలు. బీరువా తెరిపించారు, రెండు గొట్టాలు వెలుతురుకు పట్టి ఊపారు, పొడి అటూ ఇటూ కదిలింది.

"ఇవి యాడికి పోయినాయి?" అన్నారు అక్కతో.

అక్క గొట్టాన్ని చూసింది, సార్‌ను చూసింది. ఈడనే కదా సార్ ఉండేది, ఎవురు ముట్టుకుంటారు వాటిని అంది. అదే కదా నేనూ అడిగేది అన్నారు సార్. తాళం ఎవరి దగ్గరుంటుంది అన్నారు. అక్కకు అప్పటికి అర్థమైంది. బొడ్డున ఉన్న తాళంచెవి తీసి ఇవ్వబోయింది, చేతికి అందిస్తుంటే సార్ బల్ల మీద పెట్టమన్నట్టు చూపించారు. పెట్టింది. ఆయన తీసుకుని వెళ్లిపోయారు. ఎవరూ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది, నేనేదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ని.

మర్నాటి నుంచి తాళంచెవి నా దగ్గర. అక్క పొద్దున వచ్చి వరండాలో నిలబడేది, నేను వచ్చి తెరిచేదాకా. లోపలికొచ్చి ఊడ్చేది గానీ బీరువా ఉన్న మూలకు వెళ్లేది కాదు. చీపురు కూడా అక్కడికి రెండడుగుల ముందే ఆగిపోయేది. ఆఫీసులో క్లర్కులు ఆవిడ నడిచి వెళ్తుంటే మాటలాపడం నేను చూశాను. ఒకాయన నన్ను పక్కకు పిలిచి, నత్తల్లో ముత్యాలేమైనా ఉంటాయా అప్పా, అని అడిగాడు. ఆవగింజలో ఏం ముత్యం అన్నాను. అయినా అంత నమ్మినట్టు లేడు. నేనూ వాటాదారుణ్నేమో అని చూశాడు.

శుక్రవారం వచ్చింది. అక్క సంచి తెచ్చింది. మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి, సింకు గది తీస్తావా అప్పా, తాళం నీ కాడే కదా, అంది. తీశాను. తీసి అక్కడే నిలబడ్డాను. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, సంచిని సింకు గట్టు మీద బోర్లించింది.

ఇత్తడి దీపపు కుందులు, ఒక హారతి పళ్లెం, చిన్న గంట. వాటితోపాటు ఒక కాగితంలో చుట్టిన నల్లటి పాత చింతపండు.

"మా ఈదిలో కొళాయి ఎప్పుడొస్తాదో దేవుడికే తెలీదు. ఈడ బోరు నీళ్లు. వారానికొకసారి గుళ్లో సామాన్లు ఈడ తోముకుంటా ఉండాను. నీళ్లు దొంగతనం చేస్తా ఉండాను అని రాసుకో, నీ కంప్యూటర్లో."

నేను కుందినే చూస్తున్నాను. ఆవిడ చింతపండు తడిపి ఇత్తడి మీద రాస్తుంటే నల్లటి కుంది బొటనవేలు నడిచిన మేర పచ్చగా బయటపడుతోంది. తిరుపతిలో పుట్టిన వాళ్లెవరికైనా ఇది రోజూ కనబడే దృశ్యమే. కానీ నాలుగు వారాలుగా నేను చూస్తున్నది తెల్లటి పొడి.

"అక్కా, నత్తలను ఎప్పుడన్నా కడిగినావా?"

"కడగకుండా ఎట్ల? పోయినేడు తనిఖీకి కమిటీ వస్తాదని సార్ సంపేసినాడు కదా. గదిలో ప్రతి వస్తువూ మెరవాల, బోర్డు కాణ్నించి బోకుల దాకా, అన్నాడు. దుమ్ము పట్టి నల్లంగా ఉండాయి అవి. చింతపండు నీళ్లలో కాసేపు నానబెట్టి, పలచని గుడ్డలో వేసి కడిగి, ఆరబెట్టి మళ్లా పోసినాను. ఎట్ల మెరిసినాయి అనుకున్నావు."

ఒక్కో గొట్టం ఒక్కో గిన్నెలో, చీటీ పక్కన పెట్టుకుని, కలవకుండా కడిగిందట. ఒకదాని నత్త ఇంకోదాంట్లో పడలేదని ఒట్టు పెట్టమన్నా పెడతానంది. కడిగాక కొన్ని సన్నబడినట్టు అనిపించలేదా అని అడిగాను. మురికి పోతే ఏదైనా సన్నబడుతుంది కదా అంది. నిజమే, ఇత్తడి విషయంలో. మరి కింది సొరుగులు? అవి కడిగేలోగా చింతపండు అయిపోయింది, మర్నాడే కమిటీ వచ్చేసింది.

మోకాళ్ల సిద్ధాంతం అక్కడితో కూలిపోయింది.

నత్తగుల్ల అంటే సున్నపు రాయి లాంటిదే. పులుపు తగిలితే కరుగుతుంది. పెద్దదైతే పైపై పొర పోయి నిగనిగలాడుతుంది, ఆవగింజంతదైతే పోవడానికి పైపొర తప్ప ఇంకేం ఉండదు. మెలికల లోపల మిగిలిపోయిన చింతపండు నీరు ఆ తరువాత కూడా తన పని తాను చేసుకుపోయి ఉంటుంది. మిగిలింది తెల్లటి పొడి. ఇది నేను ఎమ్మెస్సీలో చదువుకున్నదే. పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. అయినా దొంగ కోసం అలిపిరి దాకా వెళ్లొచ్చాను.

ఇది చెబితే అక్క ముఖం చూడాల్సి వస్తుందని తెలుసు. చెప్పాను. ఆవిడ చేతిలో కుంది అలాగే ఉండిపోయింది. "అన్నీనా?" అంది. పై రెండు సొరుగుల్లోవి చాలా వరకు అన్నాను. ఆ ప్రొఫెసరు ఎంత ఎండలో ఏరుకొచ్చినాడో పాపం అంది. దొంగతనం మాట వచ్చినప్పుడు కూడా కళ్లలో నీళ్లు రాలేదు ఆవిడకు. అప్పుడు వచ్చాయి. ఇలాంటి చోట వేయదగ్గ జోకు నా దగ్గర లేదు. అందుకని గంట తీసుకుని నేనూ కొంత తోమాను.

సోమవారం ఫొటో ఫ్రేములోంచి పీకిన నత్తలతో, గిన్నెడు చింతపండు రసంతో సార్ గదికి వెళ్లాను. అక్క వెనకాల వచ్చింది. సార్ తలుపు మూశారు. గాజు పళ్లెంలో రసం పోసి గుల్లలు వేశాను. బుడగలు సన్నగా లేచాయి. సోడా సీసా తెరిచినట్టేమీ కాదు, కానీ ఎదురుగా ఉన్న మనిషికి అర్థమయ్యేంత. సార్ వంగి చూశారు, తరువాత నన్ను చూశారు. ఇది ఎవరు చెప్పమన్నారు అన్నట్టుగా.

కమిటీ సంగతి చెప్పాను. ప్రతి వస్తువూ మెరవాలని తాను చెప్పినట్టు ఆయనకు గుర్తులేదు. కమిటీ మెంబరు ఒకాయన ఆ నత్తలనే చూసి ఎంత బాగా నిర్వహిస్తున్నారండీ అని మెచ్చుకున్నది మాత్రం గుర్తుంది. ఎలా ఉండదు, ఏడాదిగా ప్రతి మీటింగులోనూ అదే మొదటి మాట. ఆ రెండు జ్ఞాపకాలు ఆయన లోపల ఎదురుపడడం మేమిద్దరం నిలబడి చూశాం.

"ఎవురెవురికి తెలుసు?" అన్నారు. మన ముగ్గురికే అన్నాను. ఆయన ఊపిరి తీసుకుని కుర్చీలో వెనక్కి వాలారు. ఇక దిగులు లేదు, స్థితి గడిలో "కాలక్రమేణా సహజంగా శిథిలమైనవి" అని రాసెయ్యి, అన్నారు. పాత నత్తలే కదా, ఎప్పుడో ఒకప్పుడు పోయేవే. ఈమె ఆర్డరు మీద సంతకం కూడా పెట్టేస్తాను, ఇక్కడితో అయిపోయింది.

నాకు బాగానే అనిపించింది. అందరూ బతికారు, నత్తలు తప్ప. అక్క మాత్రం కదల్లేదు.

"సహజంగా అంటే ఎవురూ ఏమీ చెయ్యలేదని కదా సార్. మరి నా చేతిలో తాళం ఎందుకు తీసుకున్నట్టు? కాయితంలో అవే పోయినాయి అని ఉంటాది, వరండాలో నేను ఎత్తుకపోయినాను అని ఉంటాది. నేను కడిగినాను, కరిగిపోయినాయి. అది రాయించండి."

అట్ల రాస్తే నీ మీదకే వస్తాదమ్మా, ఆర్డరు ఇచ్చేదెట్ల, అన్నారు సార్. ఆయన గొంతులో మొదటిసారి బతిమాలుతున్న జాడ వినబడింది.

"ఆర్డరు మీ ఇష్టం సార్. పేరు నాది."

తలుపు తెరిచి బయటికి నడిచింది. సార్ గది తలుపు లోపలివాళ్లు ఎవరూ మూయకుండా అలా తెరిచి ఉండడం నేను చూడడం అదే మొదలు. వరండాలో ఉన్న క్లర్కులు లోపలికి చూస్తున్నారు. పళ్లెంలో ఇంకా బుడగలు వస్తూనే ఉన్నాయి.

ఆ వారమంతా పై రెండు సొరుగుల నమోదు మళ్లీ చేశాం. ఏ గొట్టం కడిగిందీ, ఏది కడగలేదూ అక్క పక్కన కూర్చుని చెప్పింది, నేను ఎక్కించాను. శుభ్రపరచు క్రమంలో నష్టం అని సార్ ఒక వాక్యం పంపారు. అక్క దాన్ని చదివించుకుని, దేంతో శుభ్రం చేసినట్టు మరి, అంది. "కమిటీ పర్యవేక్షణ సందర్భంగా విభాగం ఆదేశం మేరకు చింతపండు నీటితో కడగబడినవి, కరిగిపోయినవి" అని మార్చాను. ఆదేశం అనే మాట దగ్గర సార్ రెండు రోజులు ఆగారు. ఆర్డరు ఇవ్వకపోతే, ఎందుకు ఇవ్వలేదని ఎవరైనా అడుగుతారు. అడిగితే ఆ వాక్యం దాకా వస్తారు. మూడో రోజు రెండింటి మీదా సంతకం పెట్టారు. అది దయ అని ఆఫీసులో అనుకున్నారు. అనుకోనిద్దాం.

తాళంచెవి ఇస్తుంటే అక్క బల్ల మీద పెట్టమనలేదు, చేతికే తీసుకుంది. "నువ్వు నా సంచి దిక్కు సూసే సూపు నాకు మొదటిరోజే తెలుసులే అప్పా," అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే సంజాయిషీ చెప్పుకునే వీలుండేది.

మొన్నొక సాయంత్రం హెల్మెట్ మరిచిపోయి వెనక్కి వెళ్లాను. అక్క కింది సొరుగు తెరుచుకుని, మోకాళ్ల నొప్పులతోనే నేల మీద కూర్చుని, ఆ రోజు నేను చూసిన గొట్టాలను ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకు పట్టి, లోపలి గుల్లలు లెక్కపెట్టి చూస్తోంది. నన్ను చూసి ఆపలేదు.

"ఏమక్కా?" అన్నాను.

"ఏం లేదప్పా. ఊరికే."

నేనూ ఊరికే, ఆవిడ సొరుగు మూసేదాకా గుమ్మంలో నిలబడ్డాను.